ఆమె పేరు మీద స్కాలర్‌షిప్: ఆమె చేసిన పనిని కొనసాగించాలంటే

ప్రశ్న: మేము అమెరికాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో వేర్వేరు సంవత్సరాల్లో చదువుకున్నవాళ్లం. మాలో సగం మంది తెలుగువాళ్లం, మిగతావాళ్లు నేపాల్, నైజీరియా, చైనా, ఇరాన్ దేశాల వాళ్లు. ఆ ఊళ్లో ఉద్యోగ విరమణ చేసిన ఒక బడి పంతులమ్మ రెండు దశాబ్దాలకు పైగా విదేశీ విద్యార్థుల కోసం స్వచ్ఛందంగా పనిచేశారు. కొత్తగా వచ్చినవాళ్లను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చేవారు. తన గ్యారేజీలో పోగుచేసిన గిన్నెలు, పరుపులు, చలికోట్లు ఇచ్చేవారు. వారానికి ఒక సాయంత్రం ఇంగ్లిషులో మాట్లాడించేవారు. సెలవులకు క్యాంపస్ ఖాళీ అయినప్పుడు ఇంటికి పిలిచి భోజనం పెట్టేవారు. పోయిన చలికాలంలో ఆమె కన్నుమూశారు. ఆమె పేరు మీద స్కాలర్‌షిప్ పెట్టాలని 18,000 డాలర్ల వరకు ఇస్తామని మాట ఇచ్చుకున్నాం, అందులో కొంత ఇప్పటికే నా బ్యాంకు ఖాతాలోకి వచ్చింది. అయితే మా మధ్య ఏకాభిప్రాయం లేదు. 25,000 డాలర్లు పోగయ్యేదాకా ఆగి శాశ్వత నిధి పెడదామని కొందరు, ఇప్పుడే మొదలుపెడదామని కొందరు అంటున్నారు. తెలుగు విద్యార్థులకే ఇద్దామని ఒకరు, మంచి మార్కులూ సేవాభావమూ ఉన్నవాళ్లకే ఇవ్వాలని మరొకరు అంటున్నారు. సొంతంగా ట్రస్టు పెట్టుకుంటే అంతా మన చేతిలోనే ఉంటుందన్న మాట కూడా వచ్చింది. ఈ సంగతి ఆమె కుమారుడికి చెబితే, ‘అమ్మ ఎవరికీ డబ్బు ఇవ్వలేదు కదా, తన పేరు మీద డబ్బు ఇవ్వడం తనకు నచ్చుతుందా?’ అని అడిగారు. ఏం చెప్పాలో మాకు తోచలేదు. మేము ఎలా ముందుకు వెళ్లాలి?

సమాధానం: మీ ఉత్తరంలోని ప్రశ్నలన్నిటిలోకీ ఆమె కుమారుడు అడిగినదే పెద్దది. దాన్ని అభ్యంతరంగా తీసుకోవద్దని నా మనవి. తల్లి చేసిన పనిని దగ్గర నుంచి చూసిన మనిషి ఆలోచన అందులో ఉంది. స్మారక స్కాలర్‌షిప్‌లలో చాలావాటికి పైన పోయినవారి పేరు ఉంటుంది, కింద షరతులు మాత్రం ఎక్కడైనా ఉండేవే ఉంటాయి: ఇంత జి.పి.ఎ., రెండు సిఫారసు లేఖలు, భవిష్యత్ లక్ష్యాల మీద ఒక వ్యాసం. కొన్నేళ్లు గడిచేసరికి ఆ డబ్బు అందుకున్న విద్యార్థికి ఆ పేరు గల మనిషి ఎవరో, ఎవరి కోసం ఏం చేశారో తెలిసే దారి మిగలదు. మీది అలా కాకూడదంటే, మూలధనం ఎంత, ఎంపిక ఎవరిది అన్న చర్చలకు ముందే, ఆమె ఏ అవసరం దగ్గర నిలబడి సాయం చేశారో మీరంతా కూర్చుని గుర్తించాలి. డబ్బు సరిగ్గా అక్కడికే చేరేలా చూడాలి. మిగతా నిర్ణయాలన్నీ దాని వెంట వస్తాయి.

ఆ అవసరం ఏమిటో మీకు అనుభవంలో ఉన్నదే అయినా, విశ్వవిద్యాలయంతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది కనుక వివరంగా చెబుతాను. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువుకు వచ్చేవారు, వీసాకు అవసరమైన ఐ-20 పత్రాన్ని విశ్వవిద్యాలయం నుంచి తీసుకోవడానికి మొదటి ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు ఉన్నట్టు ముందే చూపించాలి. అందువల్ల విదేశీ విద్యార్థులకు డబ్బు కొరత ఉండదన్న అభిప్రాయం దాతల్లోనూ, కొన్నిసార్లు విశ్వవిద్యాలయాల్లోనూ ఉంటుంది. ఆ కాగితం మీది డబ్బు చాలా ఇళ్లలో బ్యాంకు రుణం, లేదా తాకట్టు పెట్టిన ఆస్తి. వచ్చిన తరువాత ఏదైనా తలకిందులైతే తట్టుకునే మార్గాలు వీళ్లకు చాలా తక్కువ. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి సహాయానికి ఎఫ్-1 విద్యార్థులు అర్హులు కారు. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. మొదటి విద్యా సంవత్సరంలో క్యాంపస్ బయట పనికి అనుమతి లేదు. అనుకోని తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది వచ్చిందని నిరూపించుకుని బయట పనికి ప్రత్యేక అనుమతి అడగాలన్నా ముందు ఒక విద్యా సంవత్సరం పూర్తి కావాలి. తండ్రి వ్యాపారం దెబ్బతిన్నా, సొంత దేశపు కరెన్సీ విలువ పడిపోయినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, స్థానిక విద్యార్థికి ఉండే దారుల్లో సగం కూడా వీళ్లకు ఉండవు.

ఇక వచ్చిన మొదటి నెల సంగతి వేరే చెప్పాలి. అమెరికాలో అప్పులు తీసుకుని తీర్చిన రికార్డు, అంటే క్రెడిట్ చరిత్ర, లేదు కాబట్టి ఇంటి యజమానులు పెద్ద మొత్తంలో డిపాజిట్ అడగవచ్చు. విశ్వవిద్యాలయంలో బోధనలోనో పరిశోధనలోనో సాయపడి జీతం పొందే అసిస్టెంట్‌షిప్ వచ్చినవారికి కూడా, జీతం తీసుకోవడానికి కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరు చేతికి వచ్చి, జీతాల జాబితాలో పేరు ఎక్కి, మొదటి స్టైపెండ్ అందేసరికి సెమిస్టర్ మొదలై వారాలు గడిచిపోతాయి. డబ్బు ఎక్కువగా బయటికి పోయే రోజులూ, అసలేమీ రాని రోజులూ అవే. ఆమె కారు, ఆమె గ్యారేజీలోని పరుపు, గిన్నెలు, చలికోటు అందింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆమె ఎవరి చేతికీ డబ్బు ఇవ్వలేదన్నది నిజమే. విద్యార్థి దగ్గర ఉన్న కొద్ది డబ్బు కరిగిపోకుండా నిలబెట్టారన్నది కూడా అంతే నిజం. ఆమె కుమారుడికి మీరు ఇవ్వగలిగిన నిజాయితీ గల జవాబు ఇదే అని నా అభిప్రాయం. ఆ జవాబుకు తగ్గట్టు స్కాలర్‌షిప్ ఉద్దేశాన్ని ఒకే వాక్యంలో రాసుకోండి: ‘ఇప్పటికే చేరి చదువుతున్న అంతర్జాతీయ విద్యార్థులలో, కొత్త ప్రదేశంలో కుదురుకునే ఖర్చుల వల్ల గాని, అనుకోకుండా వచ్చిపడిన ఇబ్బంది వల్ల గాని చదువు కొనసాగించడం కష్టమవుతున్నవారికి.’ ఈ ఒక్క వాక్యం కుదిరితే మీలో ఉన్న భిన్నాభిప్రాయాల్లో కొన్నింటికి సమాధానం దానంతట అదే దొరుకుతుంది.

మొదట మార్కుల సంగతి చూద్దాం. ఎయిర్‌పోర్టులో దిగినవారిని కారెక్కించుకునే ముందు ఆమె ఎవరి మార్కులూ అడగలేదు. మార్కుల మీద ఇచ్చే బహుమతులు విభాగాల్లో ఎలాగూ ఉంటాయి. పైగా వాటిని అందుకునేవారు తరచుగా అసిస్టెంట్‌షిప్ కూడా ఉన్న విద్యార్థులే. గడ్డుకాలంలో ఉన్న విద్యార్థి మార్కులే ముందు తగ్గుతాయన్నది ఏ అధ్యాపకుడిని అడిగినా చెబుతారు. కాబట్టి ఎక్కువ జి.పి.ఎ. షరతు పెడితే, ఎవరి కోసం ఈ నిధి పెడుతున్నారో వారినే గుమ్మం దగ్గర ఆపినట్టవుతుంది. విశ్వవిద్యాలయ నిబంధనల ప్రకారం చదువు సక్రమంగా సాగిస్తూ ఉండాలి, అంతవరకు షరతు చాలు.

సేవాభావం షరతు వినడానికి మరింత సమంజసంగా ఉంటుంది, అందుకే దాని గురించి మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. సేవ చేసిన మనిషి పేరు మీద సేవ చేసేవారికి ఇవ్వడం న్యాయమే కదా అనిపిస్తుంది. కానీ దరఖాస్తులో ‘మీరు చేసిన స్వచ్ఛంద సేవను వివరించండి’ అని అడిగినప్పుడు బాగా రాయగలిగేది ఎవరు? తీరిక ఉన్నవారు. వారానికి 20 గంటలు భోజనశాలలో గిన్నెలు కడిగి, మిగతా సమయంలో ల్యాబులో కూర్చునే విద్యార్థికి చెప్పుకోవడానికి సేవా కార్యక్రమాల జాబితా ఉండదు. రూమ్మేటుకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నది అలాంటివారు సేవగా లెక్కపెట్టుకోరు, దరఖాస్తులో రాయరు. సాయం అందుకోవడానికి అర్హత సంపాదించుకోవాలన్న నియమం ఆమె జీవితంలో ఎక్కడా కనిపించదని మీ ఉత్తరమే చెబుతోంది. తోటి విద్యార్థులకు అండగా నిలిచేవారిని గుర్తించాలని మీకు నిజంగా ఉంటే దాన్ని వేరే చిన్న గౌరవంగా పెట్టండి. అవసరంలో ఉన్నవారి డబ్బుకు దాన్ని ముడిపెట్టకండి.

తెలుగు విద్యార్థులకే ఇవ్వాలన్న ప్రతిపాదన వెనుక ఉన్న ఆపేక్షను నేను తక్కువ చేయను. అమెరికాకు చదువుకు వచ్చే భారతీయుల సంఖ్య చాలా పెరిగింది. 2023-24 విద్యా సంవత్సరంలో ఆ దేశంలోని అంతర్జాతీయ విద్యార్థుల్లో భారతీయులే అందరికన్నా ఎక్కువ, 3,31,602 మంది ఉన్నట్టు అక్కడి అంతర్జాతీయ విద్యార్థులను ఏటా లెక్కించే ఓపెన్ డోర్స్ నివేదిక చెప్పింది. వారిలో తెలుగువారు గణనీయంగా ఉంటారని మనందరికీ తెలుసు. అయినా ఈ ప్రతిపాదన రెండు కారణాల వల్ల వద్దంటాను. మొదటిది చట్టం. ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థల కార్యక్రమాల్లో జాతి, రంగు, పుట్టిన దేశం ఆధారంగా వివక్ష చూపకూడదని 1964 నాటి పౌర హక్కుల చట్టంలోని ఆరవ అధ్యాయం చెబుతోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం అలాంటి షరతును తన ఒప్పందంలో రాయడానికి చాలావరకు ఒప్పుకోదు. రెండోది నాకు ఇంకా ముఖ్యమైనది. ఆమె గ్యారేజీ తలుపు నేపాలీ విద్యార్థికీ, నైజీరియా విద్యార్థికీ ఒకేలా తెరుచుకుంది. ఈ నిధికి డబ్బు ఇస్తున్నవారిలో సగం మంది తెలుగువారు కారు. ఆమె పేరు మీద మొదటిసారి తలుపు వేసింది మనమే అన్న మాట మనకు రాకూడదు.

ఇప్పుడు మూలధనం ప్రశ్న. శాశ్వత నిధి అంటే అసలు మొత్తాన్ని ముట్టుకోకుండా పెట్టుబడిగా ఉంచి, ఏటా అందులోంచి కొంత శాతమే ఖర్చు చేయడం. ఆ శాతం సాధారణంగా 4 నుంచి 5 మధ్య ఉంటుంది. 25,000 డాలర్ల శాశ్వత నిధి నుంచి 4 శాతం చొప్పున ఏడాదికి 1,000 డాలర్లు వస్తాయి. చాలా విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నిధికి కనీస మొత్తం 25,000 డాలర్లు, మరికొన్నిచోట్ల 50,000 లేదా అంతకన్నా ఎక్కువ. ఆ మొత్తం చేరాక కూడా పెట్టుబడి మీద ఆదాయం పోగుపడే వరకు మొదటి స్కాలర్‌షిప్ ఇవ్వకుండా ఆపే సంస్థలు ఉన్నాయి. 2008లో మార్కెట్లు పడిపోయినప్పుడు కొత్తగా మొదలైన చాలా నిధుల విలువ అసలు కన్నా దిగువకు పోయి, వాటి నుంచి ఇచ్చే సాయం తగ్గిపోవడమో నిలిచిపోవడమో జరిగింది. దీనికి భిన్నమైనది వచ్చిన డబ్బును వచ్చినట్టే విద్యార్థులకు ఇచ్చే వార్షిక స్కాలర్‌షిప్. మీ 18,000 డాలర్లతో ఏడాదికి ముగ్గురికి 1,000 చొప్పున ఇచ్చినా, మధ్యలో ఒక్క డాలరు కూడా కొత్తగా చేరకపోయినా, ఆరేళ్లు నడుస్తుంది.

నేను వార్షిక పద్ధతితోనే మొదలుపెట్టమంటాను. శాశ్వత నిధి తరతరాలు నిలుస్తుందన్నది కాదనలేని మాట. ఒకే దాత పెద్ద మొత్తం ఇచ్చే సందర్భంలో నా సలహా వేరుగా ఉండేదేమో. మీది మాత్రం మధ్య వయసులోకి వస్తున్న కొన్ని పదుల మంది స్నేహితుల ప్రయత్నం. ఆమెను ఎరిగినవాళ్లు ఉత్సాహంగా ఉన్నది ఇప్పుడే. మొదటి విద్యార్థికి సాయం అందిందని తెలిస్తే రెండో ఏడాది ఇచ్చేవాళ్లు పెరుగుతారు. 25,000 కోసం ఎదురుచూస్తూ రెండేళ్లు గడిస్తే ఇస్తామన్నవాళ్లలో కొందరి మాట మెత్తబడుతుంది. ఈ ఆగస్టులో అద్దె డిపాజిట్ కోసం చేయి చాచలేక సతమతమయ్యే విద్యార్థి అప్పటికి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు, లేదా చదువు మానేసి వెళ్లిపోతాడు. డబ్బు తగినంత చేరినప్పుడు దీన్నే శాశ్వత నిధిగా మార్చుకునే వీలు ఉండాలని ఒప్పందంలో ముందే రాయించుకోండి. వాయిదాల్లో చెల్లించడానికి అయిదేళ్ల వరకు గడువిచ్చే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, ఆ సంగతి కూడా అడగండి.

సొంత ట్రస్టు ఆలోచనను మాత్రం ఇక్కడితో వదిలేయండి. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్ పెట్టి వ్యక్తులకు స్కాలర్‌షిప్ ఇవ్వాలంటే ఎంపిక పద్ధతికి పన్నుల శాఖ అయిన ఐ.ఆర్.ఎస్. ముందస్తు ఆమోదం తీసుకోవాలి, ఏటా ప్రత్యేక రిటర్నులు వేయాలి, లెక్కలు నిలబెట్టాలి. 18,000 డాలర్ల ప్రయత్నానికి అది తలకు మించిన భారం. ఒక స్వచ్ఛంద సంస్థలో డబ్బు జమచేసి, దాన్ని ఎవరికి ఇవ్వాలో దాతలు సలహా ఇచ్చే ఖాతాలు కూడా ఉంటాయి గాని, వాటి నుంచి నేరుగా వ్యక్తులకు ఇవ్వడాన్ని 2006లో వచ్చిన పన్ను చట్ట సవరణ దాదాపుగా ఆపేసింది. మీకు మిగిలిన మంచి దారులు రెండు. ఒకటి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండే ఫౌండేషన్. రెండోది, ఆ ఊళ్లో అంతర్జాతీయ విద్యార్థుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఏదైనా విరాళాలకు పన్ను రాయితీ వర్తించే 501(సి)(3) గుర్తింపుతో ఉంటే ఆ సంస్థ. ఆమె ఏ సంస్థ తరఫున పనిచేశారో కనుక్కుని, రెండు చోట్లా మాట్లాడి, విద్యార్థికి డబ్బు ఎవరు త్వరగా అందించగలరో చూసి నిర్ణయించుకోండి.

మీ ఖాతాలో ఉన్న డబ్బు గురించి ఆలస్యం చేయవద్దు. మీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు, మీ స్నేహితులకూ ఉండదు. కానీ వ్యక్తి ఖాతాకు పంపిన డబ్బుకు దాతలకు పన్ను రాయితీ దొరకదు, వారు పనిచేసే కంపెనీలు జతచేసే సమాన విరాళం కూడా రాదు. మీలో చాలామంది పెద్ద కంపెనీల్లో ఉంటారు. ఉద్యోగి ఇచ్చినంత కంపెనీ కూడా ఇచ్చే పథకం వాటిలో ఎన్నింటికో ఉంది, అయితే అది గుర్తింపు గల సంస్థకు ఉద్యోగి నేరుగా ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. అందువల్ల ఇప్పటిదాకా వచ్చిన డబ్బును ఎవరిది వారికి తిరిగి పంపి, ఫౌండేషన్‌లో నిధి తెరిచాక నేరుగా అక్కడికే పంపమని చెప్పడం మంచిది. ఈ ఒక్క మార్పుతోనే మీ మొత్తం గణనీయంగా పెరగవచ్చు.

ఎంపికలో మీ పాత్ర ఎంత ఉండాలన్నది కొంత సున్నితమైన విషయం. ఫలానా విద్యార్థికే ఇవ్వమని దాత చెబితే అది పన్ను చట్టం దృష్టిలో విరాళం కాకుండా పోతుంది. కాబట్టి నిర్ణయం సంస్థదే అయి ఉండాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు ఎంపిక సంఘంలో దాతల తరఫున ఒకరిని కూర్చోనిస్తాయి, చాలా విశ్వవిద్యాలయాలు అదీ ఒప్పుకోవు. విద్యార్థుల వివరాల గోప్యతకు 1974 నుంచి ప్రత్యేక చట్టం ఉంది కనుక ఎవరు దరఖాస్తు చేశారు, ఎవరి ఇబ్బంది ఏమిటి అన్నవి మీకు చెప్పరు, మీరు అడగకూడదు కూడా. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని సలహాదారులకు ఎవరు ఇబ్బందిలో ఉన్నారో అందరికన్నా ముందు తెలుస్తుంది, పేర్లు సూచించే పని వారికే అప్పగించమని నేను గట్టిగా చెబుతాను. ఇబ్బందిలో ఉన్న మన పిల్లలు నోరు విప్పి అడగరు. ఊరుగాని ఊళ్లో అడిగి లేదనిపించుకోవడం కన్నా ఒక పూట తినకుండా ఉండడమే నయమనుకుంటారు. దరఖాస్తు ఒక పేజీకి మించకూడదు. డబ్బు అందుకున్న విద్యార్థి ఫొటోతో పాటు కృతజ్ఞతా లేఖ ఇవ్వాలన్న షరతు కొన్నిచోట్ల అలవాటుగా చేరుతుంది, దాన్ని తీసేయించండి. రాయాలనిపించినవారు ఎలాగూ రాస్తారు.

పన్నుల విషయంలో ఒక్క సంగతి ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే దాన్నిబట్టి విద్యార్థి చేతికి వచ్చే మొత్తం మారుతుంది. డిగ్రీ చదువుతున్న విద్యార్థికి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకు అవసరమైన పుస్తకాల కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్ను ఉండదు. అద్దె, భోజనం, ప్రయాణం కోసం ఇస్తే అది పన్ను లెక్కలోకి వస్తుంది. పన్ను చట్టం ప్రకారం విదేశీయులుగా లెక్కకు వచ్చే ఎఫ్-1 విద్యార్థుల విషయంలో సంస్థ సాధారణంగా 14 శాతం ముందే మినహాయించుకుంటుంది. అంటే అద్దె కోసం ఇచ్చిన 1,000 డాలర్లలో 860 మాత్రమే అందుతాయి. ఆ విద్యార్థి దేశంతో ఉన్న పన్ను ఒప్పందాన్నిబట్టి మరుసటి ఏడాది రిటర్ను వేసినప్పుడు కొంత తిరిగి రావచ్చు, కానీ ఇబ్బంది ఈ నెలలో ఉన్నవారికి అది అప్పటికప్పుడు అక్కరకు రాదు. కాబట్టి వీలైనంతవరకు డబ్బును ట్యూషన్, ఫీజుల ఖాతాలో జమ చేయించండి. ఫీజు కోసం దాచుకున్న సొంత డబ్బు అద్దెకు మిగులుతుంది. ట్యూషన్ మాఫీ ఉన్న విద్యార్థులు కూడా చాలాచోట్ల తప్పనిసరి ఫీజులు కట్టాల్సి ఉంటుంది కనుక వారికీ ఇది ఉపయోగపడుతుంది. మీ స్కాలర్‌షిప్ వచ్చిందని విశ్వవిద్యాలయం తాను ఇచ్చే ఇతర సాయాన్ని తగ్గించదని కూడా రాతపూర్వకంగా మాట తీసుకోండి.

ఒప్పంద పత్రంలో తప్పక ఉండవలసిన మరో అంశం, పరిస్థితులు మారితే ఏం చేయాలన్నది. వీసా విధానాలు మారి విదేశీ విద్యార్థులు తగ్గవచ్చు, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని మరో విభాగంలో కలిపేయవచ్చు. సంస్థల నిధుల నిర్వహణ మీద 2006లో రూపొందిన నమూనా చట్టాన్ని పెన్సిల్వేనియా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ ఆమోదించాయి. ఆ నమూనా ప్రకారం 20 ఏళ్లు దాటిన, 25,000 డాలర్లకు లోపున్న నిధి షరతులు అమలుకు పనికిరాకుండా పోయినప్పుడు, రాష్ట్ర అటార్నీ జనరల్‌కు తెలియజేసి సంస్థ తానే మార్చుకునే వీలుంది. ఈ మొత్తాలు రాష్ట్రాన్నిబట్టి మారతాయి. ఆ రోజు వస్తే ఏం చేయాలో ఇప్పుడే మీ మాటల్లో చెప్పి ఉంచండి: అంతర్జాతీయ విద్యార్థులకు ఇవ్వడం సాధ్యం కాకపోతే, ఇంటికి దూరంగా వచ్చి మొదటి ఏడాదిలో ఇబ్బందిపడే ఏ విద్యార్థికైనా ఇవ్వవచ్చని. నిర్వహణ రుసుము ఎంతో కూడా అడిగి పత్రంలో రాయించండి.

ఇంత చెప్పాక, డబ్బు చేయలేని పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆమె కుమారుడి ప్రశ్నలో రెండో సగం అదే. ఆమె పోయాక ఆ ఊళ్లో ఎయిర్‌పోర్టుకు ఎవరు వెళుతున్నారు? గ్యారేజీలోని సామాను ఏమైంది? 1909లో న్యూయార్క్‌లో హ్యారీ ఎడ్మండ్స్ అనే వై.ఎం.సి.ఎ. కార్యకర్త కొలంబియా విశ్వవిద్యాలయం మెట్ల మీద ఒక చైనా విద్యార్థిని దారినపోతూ పలకరించాడు. తాను ఆ నగరానికి వచ్చి మూడు వారాలైందని, తనతో మాట్లాడిన మొదటి మనిషి ఆయనేనని ఆ విద్యార్థి చెప్పాడు. ఎడ్మండ్స్ దంపతులు ఆదివారాల్లో విదేశీ విద్యార్థులను ఇంటికి భోజనానికి పిలవడం అలా మొదలై, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చిన డబ్బుతో 1924లో తెరిచిన ఇంటర్నేషనల్ హౌస్ అనే విద్యార్థుల వసతి గృహం దాకా సాగింది. డబ్బు తరువాత వచ్చింది, మనుషులు ముందు కదిలారు. మీలో ఎవరైనా ఇప్పటికీ ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటే, ఏటా ఆగస్టులో రెండు వారాంతాలు కొత్త విద్యార్థులను తీసుకొచ్చే బాధ్యత పంచుకోండి. మిగిలిన సామానును భద్రపరచడానికి విశ్వవిద్యాలయం ఒక గది ఇస్తుందేమో అడగండి. ఇవ్వకపోతే మీ నిధిలో కొంత భాగాన్ని దాని అద్దెకు కేటాయించడం నా దృష్టిలో స్కాలర్‌షిప్ అంత విలువైన ఖర్చు, దాన్ని ఒప్పందంలో వేరే ఉద్దేశంగా రాయించుకుంటే చాలు.

ఆమె గురించిన జ్ఞాపకాలను రాసి పెట్టడం కూడా ఈ పనిలో భాగమే. 1883లో వైద్యం చదవడానికి అమెరికా వెళ్లిన ఆనందీబాయి జోషిని న్యూజెర్సీలోని రోసెల్‌లో తన ఇంట్లో ఉంచుకుని ఆదరించింది థియోడీషియా కార్పెంటర్ అనే గృహిణి. ఆనందీబాయి 1886లో పట్టా పొంది స్వదేశానికి వచ్చి, మరుసటి ఏడాదే క్షయతో మరణించినప్పుడు, ఆమె చితాభస్మాన్ని కార్పెంటర్‌కు పంపారు. కార్పెంటర్ దాన్ని న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీలో తమ కుటుంబ శ్మశానవాటికలో ఉంచి రాయి వేయించింది. ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు లేకపోతే కార్పెంటర్ ఏం చేసిందో ఈనాడు మనకు ఇంతగా తెలిసేది కాదు. మీ పంతులమ్మగారి గురించి కూడా మీలో ప్రతి ఒక్కరూ ఒక పేజీ రాయండి: ఏ నెలలో వచ్చారు, ఆమె ఏం చేశారు, అప్పుడు మీ పరిస్థితి ఏమిటి. పొగడ్తలు అక్కర్లేదు, జరిగినది చాలు. వాటిని ఆమె కుటుంబం అనుమతితో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని పాత పత్రాల విభాగానికి ఇవ్వండి. వాటి నుంచి ఒక చిన్న పరిచయం తయారుచేసి, స్కాలర్‌షిప్ అందుకునే ప్రతి విద్యార్థికీ అందేలా చూడండి.

పేరు, ఫొటో వాడుకోవడానికి కుటుంబం అంగీకారం తప్పనిసరి. కుమారుడికి ఉద్దేశ వాక్యాన్నీ, ఒప్పందం ముసాయిదానూ పంపి, ఆయన ఒక్కో మాటా చదివే వ్యవధి ఇవ్వండి. తల్లి పేరు పూర్తిగా రాయాలా, అందరూ పిలిచిన పేరే రాయాలా అన్నది ఆయనే నిర్ణయించాలి. ఆయన వద్దంటే అదే నిధిని ఆమె పేరు లేకుండానైనా నడపండి. సాయం అందుకునే విద్యార్థికి దానివల్ల తక్కువేమీ కాదు.

ఇక సమయం. అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్ స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తులు చాలాచోట్ల చలికాలం చివరికల్లా ముగుస్తాయి. ఫౌండేషన్‌లో నిధి తెరిచి, ఒప్పందం మీద న్యాయ విభాగం అభిప్రాయం తీసుకుని, సంతకాలు అయ్యేసరికి కొన్ని నెలలు పడుతుంది. అందుకని మీ బృందంలో ముగ్గురిని ఎంచుకోండి, వారిలో కనీసం ఒకరు తెలుగువారు కాకుండా చూడండి. ఈ నెలలోనే రెండు లేఖలు పంపండి. ఒకటి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి, వచ్చే ఆగస్టులో దిగే విద్యార్థులకు ఏ ఖర్చు దగ్గర ఎక్కువ ఇబ్బంది అవుతోందో చెప్పమని. రెండోది ఫౌండేషన్‌కు, వార్షిక స్కాలర్‌షిప్‌కు కనీస మొత్తం, నిర్వహణ రుసుము, దరఖాస్తు గడువు తెలియజేయమని. ఆ రెండు జవాబులూ చేతికి వచ్చాక మీరందరూ ఒకసారి ఫోనులో కలుసుకుని ఉద్దేశ వాక్యాన్ని ఖరారు చేసుకుంటే, మొదటి స్కాలర్‌షిప్‌ను వచ్చే ఫాల్‌లోనే ఇవ్వగలుగుతారు.